మూత తీయని సీసాలు

మన విస్కీ రుచి సమావేశానికి వచ్చిన అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి చెప్పినదాంట్లో సగం నిజం కాదు. మిగతా సగం, ఆయన గ్లాసు మనందరికంటే ముందే ఖాళీ అయినందువల్ల వచ్చిన ఆప్యాయత. రెండింటికీ కృతజ్ఞతలు.

ముందుగా ఒక హెచ్చరిక. స్కాట్లాండులో 2014 డిసెంబరు నుంచి కారు నడిపేవారి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండకూడదు. ఇంగ్లండులో ఆ హద్దు 80. సరిహద్దు దాటి ఈ ఎడిన్‌బరో దాకా వచ్చిన మిత్రులు ఇది గమనించాలి. జేబులో కారు తాళం ఉన్నవారు వాసన మాత్రం చూసి, మీ వాటా బల్లమీది చిన్న సీసాల్లో పోసుకుని ఇంటికి తీసుకెళ్లండి.

మీ ముందున్న మూడు గ్లాసులూ స్వతంత్ర బాట్లర్లవి. అంటే విస్కీ కాచింది ఒకరు, పీపా కొని, సీసాల్లో నింపి, తమ పేరుతో అమ్మింది మరొకరు. ఇది కొత్త వ్యాపారం కాదు. కేడన్‌హెడ్ 1842లో అబర్డీన్‌లో మొదలైంది, ఇప్పుడు క్యాంబెల్‌టౌన్‌లో ఉంది. గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ 1895లో ఎల్గిన్‌లో పచారీ కొట్టుగా మొదలైంది. ఆ రోజుల్లో చాలా డిస్టిలరీల, అంటే విస్కీ కాచే కర్మాగారాల, సరుకంతా పలుచోట్ల విస్కీలు కలిపి చేసే బ్లెండ్లలోకే పోయేది. ఫలానా ఊరి మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీతో కాచిన విస్కీ, విడిగా ఎలా ఉంటుందో జనానికి తెలిసింది చాలావరకు ఇలాంటి కొట్లవాళ్ల వల్లే.

సరే, మొదటి గ్లాసు ఎత్తండి. తాగకండి, ఎత్తండి. ఎల్గిన్ పక్కనే ఉన్న లింక్‌వుడ్ డిస్టిలరీది ఇది. రంగు చూసి ఇద్దరు ముగ్గురు మొహం చిట్లించారు, నాకు కనిపించింది. ఎండుగడ్డి రంగులో ఉన్నది పలచన అని కాదు. అంతకుముందు ఒకటి రెండు సార్లు విస్కీ నింపి వాడిన పీపా కాబట్టి, చెక్కనుంచి రంగు తక్కువ దిగింది. చట్టం కారమెల్ రంగు కలుపుకోనిస్తుంది, చాలా కంపెనీలు కలుపుతాయి. ఈ బాట్లర్ కలపలేదు.

వాసన చూడండి. నోరు కొద్దిగా తెరిచి పీల్చండి, లేకపోతే ఆల్కహాలు ముక్కులో గుచ్చుతుంది. నాకు పచ్చి జామకాయ కొరికినప్పటి వాసన వస్తోంది. ఇంగ్లీషు పుస్తకాల్లో హెదర్ పూలు, క్రిస్మస్ కేకు అని రాస్తారు. మీకు తేనెపట్టు గుర్తొస్తే తేనెపట్టు అనండి, తాటిబెల్లం అనిపిస్తే తాటిబెల్లం అనండి. ఇక్కడ ఎవరూ మార్కులు వేయరు.

ఇప్పుడు డ్రాపర్‌తో నీళ్లు కలపండి. ఒక్కో చుక్కా. ఇది పీపాలో ఉన్న గాఢతతోనే నింపిన సీసా, 57 శాతం పైమాట. నీళ్లు పడ్డ చోట నూనె తీగల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి చూశారా? మరికొన్ని చుక్కలు వేయండి. 46 శాతం దాటి కిందికి దిగేసరికి గ్లాసు పొగమంచు పట్టినట్టు మసకబారుతుంది. అవి కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు, విస్కీలో కరిగి ఉండే నూనెలాంటి పదార్థాలు. పెద్ద కంపెనీలు విస్కీని బాగా చల్లబరిచి, వడపోసి వాటిని తీసేస్తాయి, ఐసు వేసినా సీసా అద్దంలా మెరవాలని. ఆ మెరుపు కోసం నోట్లో చిక్కదనం కొంత పోతుంది. నాకైతే మసకే ఇష్టం.

పీపాకూ పీపాకూ తేడా ఎందుకంటారా? ఒకే రోజు కలిపిన ఆవకాయ రెండు జాడీల్లో పెడితే ఆరు నెలలకు రెండు రుచులవుతుంది కదా, అదే. పెద్ద కంపెనీ వందల పీపాలు కలిపి ఏటా ఒకే రుచి తెస్తుంది, అదొక విద్య. బాట్లర్ ఒక్క పీపానే సీసాల్లోకి దింపుతాడు. హాగ్స్‌హెడ్ అనే పీపాలో దాదాపు 250 లీటర్లు పడతాయి. ఏడాదికి సుమారు రెండు శాతం ఆవిరవుతుంది. పన్నెండేళ్లకు మిగిలేది మూడు వందల సీసాల లోపే. అవి అయిపోతే అయిపోయినట్టే.

ఇక్కడే నా బాధ చెప్పుకోవాలి. రెండో గ్లాసు కాసేపు ఆగుతుంది.

ఈ హాల్లోనే ఉన్న ఒక మిత్రుడు, పేరు చెప్పను, ఆయన నవ్వుతున్నారు కూడా, చాలా ఏళ్ల కిందట ఒక రోజ్‌బ్యాంక్ విస్కీ సీసా కొన్నారు. ఫాల్కిర్క్‌లోని ఆ డిస్టిలరీ 1993లో మూతపడింది. మూడుసార్లు కాచేవాళ్లు, లోలాండ్స్, అంటే దక్షిణ స్కాట్లాండు, విస్కీల్లో దానికి ఎంతో పేరు. 2023లో మళ్లీ కాచడం మొదలుపెట్టారు, కానీ ఆ పాత సరుకు మళ్లీ రాదు కదా. ఆయన ఆ సీసాను అద్దాల బీరువాలో పెట్టి, లోపల లైటు వేశారు. ఎప్పుడు తెరుస్తారండీ అంటే, అబ్బాయి డిగ్రీ అవనీ అన్నారు. డిగ్రీ అయింది. అమ్మాయి పెళ్లికి అన్నారు. పెళ్లయింది. ఆ మధ్యలో ఫోనులో వేలం ధరలు చూసుకోవడం మొదలైంది. వచ్చినవాళ్లకు సీసా చూపించడం, ఈ రోజు ధర చెప్పడం, మళ్లీ లోపల పెట్టడం.

చివరికి కొత్త ఇంటి గృహప్రవేశానికి తెరిచారు. ఆ బీరువాలో సీసా వైన్‌లా పడుకోబెట్టి ఉంది. విస్కీని అలా పెట్టకూడదు, నిలబెట్టాలి. అంత గాఢమైన ఆల్కహాలు మూతకున్న బెరడు బిరడాను, అంటే కార్కును, తినేస్తుంది. మూత తిప్పగానే కార్కు సగానికి విరిగింది, పొట్టు లోపల తేలింది. మెడ దాకా ఉండాల్సిన విస్కీ భుజం కిందికి దిగిపోయింది. వడకట్టి పోశాం. తడిసిన అట్టపెట్టె వాసన. పది మందిమి గ్లాసులు పట్టుకుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మూడు వందల లోపు సీసాల్లో ఒకటి, ఎవరి నాలుకకూ అందకుండా అలా పోయింది.

అయ్యా, అమ్మా, మీ ఇళ్లలో అలాంటివి ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. భోజనానికి పిలిచినప్పుడు చూస్తూనే ఉన్నాను.

పైగా రోజులు మారాయి. బ్లెండర్లు పీపాలు ఇచ్చిపుచ్చుకోవడం వల్ల, బ్రోకర్ల వల్ల బాట్లర్లకు సరుకు అందేది. ఇప్పుడు సింగిల్ మాల్ట్‌కు, అంటే ఒకే డిస్టిలరీ మాల్ట్‌కు, గిరాకీ పెరిగి డిస్టిలరీలు తమ పీపాలు తామే దాచుకుంటున్నాయి. ఇతర డిస్టిలరీల విస్కీని తమ పీపాల్లో నింపుకోవడం 2024 నుంచి మానేస్తున్నామని గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ 2023లో ప్రకటించింది. పాత నిల్వలు ఇంకా చాలా ఏళ్లు వస్తాయి, నిజమే. అయినా ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

రెండో గ్లాసు. ఐలా ద్వీపంలోని కల్ ఈలా డిస్టిలరీది. తేగలు కాల్చిన పొగ, దాని వెనక టింక్చర్ అయోడిన్. నచ్చనివారు పక్కవారికి ఇచ్చేయండి, మొహమాటం వద్దు. ఎన్నేళ్లదని అడుగుతున్నారు. మా బావమరిది కూడా హైదరాబాదు నుంచి దిగగానే అదే అడుగుతాడు. తొమ్మిదేళ్లది. అలసిపోయిన పీపాలో ఇరవై ఏళ్లు కూర్చున్నదానికంటే ఇది నయం. పేరు, వయసు పక్కన పెట్టి తాగమనే, ఇక్కడికి దగ్గర్లోని లీత్‌లో 1983లో స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ పెట్టినవాళ్లు సీసాల మీద డిస్టిలరీ పేరు బదులు అంకెలు వేశారు. వాళ్ల 1.1 అంటే గ్లెన్‌ఫార్‌క్లాస్ డిస్టిలరీది.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. మూడోది షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాలోని గ్లెన్‌రాథిస్, నేనేమీ చెప్పను, మీరే చెప్పండి. నేను తలుపు దగ్గర కాగితం, కలం పట్టుకుని నిలబడతాను. వెళ్లేటప్పుడు బీరువాలో మూత తీయని సీసా ఉన్నవారు పేరు రాయించండి. వచ్చే నెల సమావేశానికి ఒక్కొక్కరు ఒక్కటి తేవాలి. మొదటి పేరు ఆ రోజ్‌బ్యాంక్ మిత్రుడిది, నేనే రాసేశాను. ఆయన దగ్గర ఇంకో రెండున్నాయి.