చదవని మెయిల్ ఏ ఫోల్డర్‌లో ఉంది?

అందరికీ నమస్కారం. మెయిల్‌కి ఫిల్టర్లు పెట్టడం మీలో చాలామందికి వచ్చు కాబట్టి దాని జోలికి పోను. బ్యాంకువి ఒక ఫోల్డర్‌కి, కరెంటు బిల్లులు ఇంకోదానికి, పిల్లల స్కూలు మెయిల్స్ మరోదానికి వాటంతటవే వెళ్లిపోతుంటాయి. ఇన్‌బాక్స్ శుభ్రంగా ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతే. ఫీజు కట్టమని మెయిల్ వచ్చి, గడువు దాటిపోయినా మనకు కబురే ఉండదు. అది అసలు ఇన్‌బాక్స్ మొహమే చూడలేదు మరి.

ఈ తంటా పాతదే. 1980లో బర్క్‌లీ యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో బిఫ్ అనే చిన్న ప్రోగ్రాం ఉండేది. ఆ పేరు అక్కడివాళ్ల పెంపుడు కుక్కది! మెయిల్ రాగానే అది తెరమీద చెప్పేసేది. మనిషికి ఒకటే పెట్టె ఉన్నంతకాలం అది చాలింది. 1990లో ప్రాక్‌మెయిల్ అనే ప్రోగ్రాం వచ్చి, మనం చూడకముందే ఉత్తరాలను రూల్స్ ప్రకారం పంచిపెట్టడం మొదలుపెట్టాక, వచ్చిందా అని అడిగితే సరిపోలేదు, ఎక్కడికొచ్చిందో కూడా అడగాల్సి వచ్చింది.

అప్పట్లో ఒక ఫోల్డర్ అంటే ఒక ఫైలు. దాన్ని చివరిసారి చదివిన సమయం కన్నా రాసిన సమయం కొత్తదైతే లోపల కొత్త మెయిల్ ఉన్నట్టు లెక్క. మట్ లాంటి, మెయిల్ చదివే ప్రోగ్రాంలు ఇలాగే కనిపెట్టేవి. తెలివైన ఉపాయమే. కానీ రాత్రిపూట బ్యాకప్ నడిచి ఆ ఫైలును ఒకసారి చదివిందనుకోండి, పొద్దునకల్లా కొత్త మెయిల్ గుర్తు మాయమయ్యే ప్రమాదం ఉండేది. తర్వాత వచ్చిన మెయిల్‌డిర్ పద్ధతిలో ఉత్తరానికో ఫైలు, కొత్తవాటికి 'న్యూ' అని విడిగా ఒక డైరెక్టరీ. నాకైతే ఇప్పటికీ ఇదే ముచ్చటగా అనిపిస్తుంది.

ఇప్పుడు మనం వాడేది ఎక్కువగా ఐమ్యాప్, అంటే మన మెయిల్ ప్రోగ్రాం సర్వర్‌తో మాట్లాడే పద్ధతి. చదివామా లేదా అన్న గుర్తు సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి ఫోన్‌లో చదివింది కంప్యూటర్‌లోనూ చదివినట్టే కనిపిస్తుంది. 1997లో దీనికి ఐడిల్ అనే సదుపాయం చేర్చారు. మెయిల్ రాగానే సర్వర్ తనంతట తానే చెబుతుంది. అయితే ఒక కనెక్షన్ మీద అది కాపు కాసేది ఒక్క ఫోల్డర్‌కే. పది గేట్లున్న అపార్ట్‌మెంట్‌కి ఒకే వాచ్‌మన్ అన్నమాట, అతను మామూలుగా ఇన్‌బాక్స్ గేటు దగ్గరే కూర్చుంటాడు. చాలా ఫోల్డర్లను ఒకేసారి గమనించడానికి 2009లో నోటిఫై అని ఇంకోటి తెచ్చారు గానీ, అన్ని సర్వర్లూ దాన్ని పట్టించుకోలేదు. అందుకని మిగతా ఫోల్డర్లను మన ప్రోగ్రామే ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకోవాలి. మనం చెప్పకపోతే చాలా ప్రోగ్రాంలు ఆ శ్రమ తీసుకోవు.

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం వాడేవాళ్లు ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. కొత్త మెయిల్ చూసేటప్పుడు ఈ ఫోల్డర్ కూడా చూడాలా అని ఒక గడి ఉంటుంది, టిక్ పెట్టండి. ఎడమపక్క పట్టీలో చదవనివి ఉన్న ఫోల్డర్లే కనిపించేలా కూడా పెట్టుకోవచ్చు. అవుట్‌లుక్‌లో సెర్చ్ ఫోల్డర్ కింద చదవని మెయిల్ అంతా ఒకేచోటికి వస్తుంది, ఏదీ తన చోటు నుంచి కదలదు. ఎన్ని ఫోల్డర్లు చేసుకున్నా ఇలాంటి ఒక్క కిటికీ లేకపోతే ఆ సర్దుడంతా దాచిపెట్టడమే.

ఇంకో మాట. మనం ఎవరు పంపారన్నది చూసి ఫోల్డర్లు చేస్తాం. ఎంత తొందరగా చూడాలన్నది చూసి చేస్తే మేలు. బ్యాంకు ప్రకటనలూ, ఆ బ్యాంకే పంపే ఈఎంఐ హెచ్చరికా ఒకే ఫోల్డర్‌లో పడితే, ప్రకటనలకు మోగే గంటకు అలవాటుపడి హెచ్చరికను వదిలేస్తాం. ఎప్పటికీ చదవని ప్రకటనలకు ఫిల్టర్‌లోనే 'చదివినట్టు గుర్తు పెట్టు' అనండి. అప్పుడు ఫోల్డర్ పక్కన అంకె కనిపిస్తే నిజంగానే పని ఉన్నట్టు.

జీమెయిల్‌లో ఫోల్డర్ల బదులు లేబుళ్లు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో లేబుల్ వారీగా సింక్, నోటిఫికేషన్ విడిగా ఆన్ చేయాలి, లేకపోతే ఫోన్ పలకదు. ఇప్పుడే ఫోన్లు తీయండి. వెతికే గడిలో ఇంగ్లీషులో 'ఈజ్' అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా 'అన్‌రీడ్' అని కొట్టండి. స్పామ్, ట్రాష్ తప్ప చదవనివన్నీ వరసగా వస్తాయి. ఎన్ని వచ్చాయో పక్కవాళ్లకి చెప్పక్కర్లేదు.