ఫోన్-ఇన్: స్లాబు వేడి, రేకుల వేడి మనమే తగ్గించుకోవడం ఎలా?

యాంకర్: నమస్కారం. ఇంటి కప్పు నుంచి దిగే వేడి గురించి మాట్లాడటానికి రిటైర్డ్ సివిల్ ఇంజనీరు గారు మనతో ఉన్నారు. మొదటి కాలర్ ఖమ్మం నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (ఖమ్మం): నమస్తే సార్. మాది పై అంతస్తు. రాత్రి పదకొండయినా గదిలో సెగ తగ్గట్లేదు. ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటట, కూల్ రూఫ్ పెయింట్, అది మేమే వేసుకోవచ్చా?

ఇంజనీరు: భేషుగ్గా వేసుకోవచ్చు. వానాకాలంలో స్లాబు ఉరుస్తుందా?

కాలర్: ఒక మూల చెమ్మ వస్తుంది సార్.

ఇంజనీరు: అయితే పెయింట్ డబ్బా ఇప్పుడే కొనకండి. వేడి ఆపడం వేరు, నీళ్ళు ఆపడం వేరు. తెల్లరంగు వేస్తే పగులు కనపడకుండా పోతుందేగానీ పూడదు. తూములకు గుడ్డలు కుక్కి, డాబా మీద ఓ అంగుళం నీళ్ళు నిలబెట్టి ఒక రోజు వదిలేయండి. కింద ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ ముందు బాగు చేయించండి. ఆ తర్వాత పాచి అంతా వైర్ బ్రష్‌తో గీకి, కడిగి, బాగా ఆరాక ప్రైమర్, దాని మీద రెండు పూతలు. మొదటిది అడ్డంగా కొడితే రెండోది నిలువుగా. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు. కాలే స్లాబు మీద రంగు పట్టుకోకముందే ఆరిపోయి పొరలు పొరలుగా లేస్తుంది.

కాలర్: ఎంత తగ్గుతుంది సార్?

ఇంజనీరు: ఇంటిని బట్టి గదిలో రెండు నుంచి అయిదు డిగ్రీలు. అంతకు మించి చాలా తగ్గుతుందని ఎవరైనా చెబితే అది స్లాబు పైభాగం లెక్క, మీ గది లెక్క కాదు.

యాంకర్: థాంక్యూ అమ్మా. నిజామాబాద్ నుంచి పెద్దాయన లైన్లో ఉన్నారు.

కాలర్ (నిజామాబాద్): హలో... హలో, వినపడుతుందా?

యాంకర్: మీ రేడియో సౌండ్ తగ్గించండి బాబాయ్.

కాలర్: ఆ, తగ్గించిన. సార్, నమస్తే. మేం 1996ల కట్టుకున్నం ఇల్లు. అప్పుడు మేస్త్రి మంచోడే, వాటం గూడ సరిగ్గ ఇచ్చిండు. కింద కిరాయికి ఇచ్చినం, పైన మేమిద్దరం. మా ఆమెకు బీపీ. ఎండకాలం వస్తే టెన్షనే. మా పెద్దోడు ఫోన్ల చూసి థర్మోకోల్ పెట్టు నాయినా అన్నడు. షాపాయన గూడ అదే అన్నడు. ఇరవై షీట్లు తెచ్చి పెట్టిన.

ఇంజనీరు: ఎక్కడ అంటిద్దామని?

కాలర్: సీలింగుకు, లోపటికెల్లి. గమ్ము గూడ తెచ్చిన.

ఇంజనీరు: అంటించకండి సార్. థర్మోకోల్ అంటుకుంటే కరిగి, మండుతూ చుక్కలు చుక్కలుగా మంచం మీద పడుతుంది. ఆ పొగ పీలిస్తే చాలా ప్రమాదం. పైగా కరెంటు వైర్ల మీది ప్లాస్టిక్ తొడుగు దానికి ఆని ఉంటే కొన్నేళ్ళకు పెళుసెక్కిపోతుంది. పాత ఇంటికి వైరింగ్ అసలే పాతది. వద్దే వద్దు.

కాలర్: మరి సున్నం ఏస్తే సరిపోతదా?

ఇంజనీరు: మీ స్లాబు ఉరవడం లేదు కదా? అయితే సున్నంతోనే మొదలుపెట్టండి. చవక, మీరే చేసుకోవచ్చు. కానీ జాగ్రత్త. ముందు ఇనప డ్రమ్ములో నీళ్ళు పోసి, అందులో సున్నం గడ్డలు కొద్దికొద్దిగా వెయ్యాలి. సున్నం మీద నీళ్ళు గుమ్మరించకూడదు, కుతకుతలాడి మొహం మీదకు చిమ్ముతుంది. పల్చటి ప్లాస్టిక్ బకెట్ అయితే ఆ వేడికి మెత్తబడుతుంది. కళ్ళద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. కంట్లో పడితే ధారగా నీళ్ళతో కడుగుతూనే వెంటనే డాక్టరు దగ్గరకు పోవాలి. రాత్రంతా నాననిచ్చి, వడగట్టి, కొంచెం ఫెవికాల్ కలిపి రెండు మూడు సార్లు పూయండి. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటేటా వేసుకోవాలి.

కాలర్: మంచిగ చెప్పిన్రు సార్. ఇప్పుడు ఆ థర్మోకోల్ ఎక్కడ అంటియ్యాలె?

ఇంజనీరు: ఎక్కడా అంటించకండి సార్! షాపుకు తిరిగి ఇచ్చేయండి.

కాలర్: షాపాయన తీస్కోడు సార్. బెడ్రూంల ఒక్కదాన్ల...

ఇంజనీరు: (నవ్వుతూ) బెడ్రూంలో అసలే వద్దు. మీ బెంగ నాకర్థమైంది. షీట్లు పోతే పోనీయండి. ఒక పని చేయండి. సున్నం వేయకముందు ఓ రాత్రి పదింటికి ఫ్యాన్ ఆపి, ఫ్యాన్ ఆపడం మర్చిపోకండి, అబ్బాయిని స్టూలెక్కించి సీలింగుకు అరచెయ్యి ఆనించి చూడమనండి. వేసిన వారానికి మళ్ళీ అదే టైముకు చూడమనండి. పగలంతా తాగిన ఎండనే స్లాబు రాత్రి కిందకు వదులుతుంది. పైనే ఆపితే లోపల ఏమీ అంటించక్కర్లేదు. ఇంకా ఖర్చు పెట్టగలిగితే స్లాబు పైన వేడిని ఆపే గట్టి ఇన్సులేషన్ బోర్డు పరిచి, దాని మీద కాంక్రీటు, టైల్స్ వేయిస్తారు. అది మేస్త్రి పని, స్లాబు మోయగలదో లేదో ఇంజనీరు చూడాలి.

కాలర్: సరే సార్. మా అల్లుడు హైదరాబాద్ల ఉంటడు, ఆడ ఈ తెల్ల కప్పు కంపల్సరీ అంటున్నరు...

ఇంజనీరు: తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ, 2023లో వచ్చింది. కొత్తగా కట్టే ఇళ్ళ విషయంలో స్థలం 600 చదరపు గజాలు, ఆపైన ఉంటే తప్పనిసరి. తక్కువుంటే మన ఇష్టం.

యాంకర్: బాబాయ్, ఇంకా చాలామంది ఉన్నారు. థాంక్యూ. రెంటచింతల నుంచి.

కాలర్ (రెంటచింతల): మాది రేకుల ఇల్లండీ, సిమెంటు రేకులు. పైకెక్కి తెల్ల పెయింట్ కొడదామని...

ఇంజనీరు: ఎక్కొద్దు! రేకు మీద కాలు పెట్టొద్దు. ఎంత బలంగా కనిపించినా మధ్యలో విరిగి కిందపడతారు. నిచ్చెన పక్కన నిలబెట్టి, కింద ఒకరు పట్టుకుంటే, పొడుగు కర్రకు రోలర్ కట్టి అందినంత మేర కొట్టండి. ఆస్బెస్టాస్, అంటే రాతినార కలిపిన రేకులైతే రంధ్రాలు వేయడం, పొడిగా గీకడం పనికిరాదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. నీళ్ళు చల్లి తడిపి మెత్తటి బ్రష్‌తో తుడవండి.

కాలర్: లోపల వెండిరంగు షీట్ కడితే?

ఇంజనీరు: కట్టండి, రేకుకు ఆనకుండా ఓ అంగుళం ఖాళీ వదలండి. ఆనితే వేడి నేరుగా దాటుతుంది, కొన్నది దండగ. కరెంటు వైరుకు తగలనివ్వకండి, ప్రాణం పోతుంది.

యాంకర్: విజయవాడ నుంచి... హలో? కట్ అయినట్టుంది. కాకినాడ నుంచి.

కాలర్ (కాకినాడ): పడమటి కిటికీకి దళసరి కర్టెన్లు వేశామండి. అయినా వేడే.

ఇంజనీరు: లోపల కర్టెన్ వేసేసరికి ఎండ అద్దం దాటేసింది కదమ్మా. కిటికీ బయట వెదురు తెర కట్టండి.

యాంకర్: మరొక్కరు. త్వరగా.

కాలర్ (అనంతపురం): గ్లాస్ ఊల్, అదే గాజు దూది, పరచొచ్చా సార్, ఫాల్స్ సీలింగ్ పైన?

ఇంజనీరు: పరచొచ్చు. మాస్కు, పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు వేసుకోండి. నొక్కి కుక్కకండి. తడిస్తే అది పనికిరాదు, కాబట్టి స్లాబు ఉరుస్తుందా లేదా అని ముందు...

యాంకర్: టైం అయిపోయింది సార్. ధన్యవాదాలు. వార్తలు వినండి.