ముగ్గుబుట్ట, మేడిపండు పురుగులు

అందరికీ నమస్కారం. కవిత్వంలో ఈ చీమూ నెత్తురూ పురుగులూ ఎందుకండీ, చదువుతుంటే కడుపులో తిప్పుతోంది అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లలో చాలామంది బళ్లో మేడిపండు పద్యం బట్టీ పట్టినవాళ్లే! పొట్ట విప్పితే పురుగులుండే ఆ పండుని వేమన పిరికివాడి బింకానికి పోలిక తెచ్చాడు, మనం దాన్ని నీతిపద్యం అని పిల్లలకి నేర్పేశాం, అందులో రోత ఉందన్న సంగతే మర్చిపోయాం.

కావ్యాల గుణదోషాలు చెప్పే అలంకారశాస్త్రం కూడా ఈ విషయంలో రెండు మాటలు చెప్పింది. అశ్లీలదోషం మూడు రకాలంటూ సిగ్గు, అమంగళంతో పాటు జుగుప్సనీ, అంటే రోతనీ, అందులో వేసింది. మళ్లీ అదే జుగుప్సని బీభత్సరసానికి స్థాయీభావం, అంటే మూలభావం, చేసి నవరసాల్లో పీట వేసింది. నాకు ఇందులో తిరకాసేమీ కనిపించదు. ఆ రోత కవితలో ఏం పని చేస్తోందన్నదే అసలు ప్రశ్న.

జాషువా 'గబ్బిలం' (1941) చూడండి. మేఘాన్నో హంసనో రాయబారం పంపే చోట ఆయన గబ్బిలాన్ని పంపాడు, ఇంట్లోకొస్తే అపశకునం అనుకునే జీవిని. కానీ గుళ్లో అది దర్జాగా వేలాడుతుంది, కథానాయకుడైన దళితుడికి మాత్రం గడప దాటే వీల్లేదు, అందుకని కాశీ విశ్వనాథుడికి తన గోడు దాని చేతే చెప్పించుకోవాలి. అక్కడ హంసని పెడితే ఛందస్సు కుదురుతుందేమో గానీ కావ్యం మిగలదు.

శ్రీశ్రీ కవిత 'భిక్షు వర్షీయసి'ది ఇంకో దారి. ముసలి బిచ్చగత్తె చుట్టూ ఈగలు, సరే. కానీ ఆమె తలకి తెచ్చిన పోలిక ముగ్గుబుట్ట, కూర్చున్న తీరుకి ఆరిన కుంపటి. రెండూ ఇంటి సామానే, ఇల్లే లేని మనిషికి! చివర్లో కుక్క ఎముక కొరుక్కుంటూ ఊరుకుంటుంది, తొండ ఒక ఈగని పట్టుకుని తప్పుకుంటుంది. ఇవి పోలికలు కూడా కావు, ఎదురుగా జరిగేవి, నాకు ఒళ్లు జలదరించేది ఇక్కడే.

సమాజం మీద కోపంతో బూతూ రోతా దాచకుండా రాసిన దిగంబర కవుల దగ్గరికొస్తే నా మాట కొందరికి నచ్చదు. 1965, 66, 68లలో మూడు సంపుటాలు, మొదటిది అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరణ, ఆ కోపం న్యాయమైనదే. అయితే రోతని పేజీ పేజీకీ కుమ్మరిస్తే కాసేపటికి పాఠకుడికి అలవాటైపోతుంది. ఇక ఆ కోపం లేకుండా మాటలు మాత్రం అరువు తెచ్చుకున్నవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, కుళ్లు, శవం, మురుగు అని రాసేసి లోకాన్ని ఉతికేశామనుకుంటారు, ఎవరి శవం, ఏ వీధి మురుగు అని అడిగితే జవాబుండదు.

ఒప్పుకోనివాళ్లు ఇక్కడే ఉన్నారని తెలుసు, మైకు అటు ఇస్తున్నాను, అడగండి.