తెలుపు ఎప్పుడు, ఎవరి కంటికి?

అందరికీ నమస్కారం.

మంచులో తెల్లగా ఉంటే కనపడకుండా ఉండొచ్చని చిన్నపిల్లలకు కూడా తెలుసు. దానికి ఉపన్యాసం అక్కర్లేదు. ఆ తెలుపు ఎప్పుడు వేసుకోవాలి, ఎవరి కన్ను కప్పాలి? చిక్కంతా అక్కడే ఉంది.

ఉత్తర అమెరికాలో స్నోషూ హేర్ అనే కుందేలు ఉంది. ఎండాకాలంలో గోధుమ రంగు, చలికాలంలో తెలుపు. మంచు పడగానే రంగు మారుస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చూసేది పగటి నిడివిని. పగలు తగ్గేకొద్దీ రాత్రిపూట ఒంట్లో మెలటోనిన్ అనే హార్మోన్ ఎక్కువసేపు విడుదలవుతుంది. ఆ సంకేతంతో పాత బొచ్చు రాలి, రంగునిచ్చే మెలనిన్ లేని తెల్ల బొచ్చు మొలుస్తుంది. ఇదంతా జరగడానికి వారాలు పడుతుంది. అంటే ఆ కుందేలు వాతావరణాన్ని కాదు, పంచాంగాన్ని నమ్ముకుంది.

ఇప్పుడు మంచు ఆలస్యంగా పడుతోంది, తొందరగా కరుగుతోంది. పంచాంగం మాత్రం మారలేదు. దాంతో ఎండుటాకుల మధ్య తెల్లటి కుందేలు కూర్చుని ఉంటుంది, దూరం నుంచే లింక్స్ అనే అడవి పిల్లి కంటపడుతూ. అమెరికాలోని మోంటానాలో జీవశాస్త్రవేత్త స్కాట్ మిల్స్ బృందం కుందేళ్ళకు రేడియో కాలర్లు కట్టి గమనించింది. రంగు పొసగని వారాల్లో బతికే అవకాశం గరిష్ఠంగా 7 శాతం మేర తగ్గుతోందని 2016లో తేల్చింది. పైగా తన రంగుకు తగ్గ చోటు వెతుక్కుందామన్న ధ్యాస కుందేలుకు ఉన్నట్టు కనిపించలేదు.

మంచు తక్కువ పడే పసిఫిక్ తీరంలో మాత్రం ఇదే జాతి కుందేళ్ళు చలికాలంలోనూ గోధుమ రంగులోనే ఉంటాయి. ఆ లక్షణాన్నిచ్చిన జన్యువు ఎప్పుడో జాక్‌ర్యాబిట్ అనే ఇంకో జాతి కుందేలుతో సంకరం వల్ల వచ్చిందని 2018లో బయటపడింది. ఎరువు సొత్తే అయినా ప్రాణం కాపాడుతోంది!

టార్మిగన్ పక్షిది ఇంకో దారి. మంచు కరిగినా మగపక్షి ఆడవాటి మెప్పు కోసం తెల్లగానే తిరుగుతుంది. జత కట్టడం అయిపోయాక మట్టిలో పొర్లి ఒళ్ళంతా మురికి చేసుకుంటుంది. నాకైతే ఇది భలే తెలివనిపిస్తుంది.

మనిషికి ఈ టెన్షన్ లేదు, విప్పేస్తే సరిపోతుంది. 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీదికి వచ్చినప్పుడు, ఫిన్లు యూనిఫాం మీద తెల్లటి వదులు అంగీలు తొడుక్కుని స్కీల మీద తిరిగారు. ఖాకీ కోట్లతో వచ్చిన సోవియట్ సైనికులు మంచులో కొట్టొచ్చినట్టు కనిపించారు. ఫిన్లాండ్ స్నైపర్ సీమో హాయ్‌హా తెల్లబట్టలతో ఆగలేదు. ఊపిరి ఆవిరి పట్టివ్వకుండా నోట్లో మంచు పెట్టుకునేవాడు. అద్దం తళుక్కుమంటుందని తుపాకీకి టెలిస్కోప్ బిగించుకోలేదు. బట్ట ఒక్కటే మనిషిని దాచలేదని అతనికి బాగా తెలుసు.

ఇక ఎవరి కంటికి అన్న సంగతి. మన కంటికి కనిపించని అతినీలలోహిత (అల్ట్రావయొలెట్) కాంతిని మంచు బాగా వెనక్కి కొడుతుంది. ధ్రువపు ఎలుగు బొచ్చు దాన్ని పీల్చుకుంటుంది. అందుకే 1970ల్లో కెనడాలో ఆ కాంతిని పట్టే ఫిల్మ్‌తో ఫొటోలు తీస్తే, తెల్లటి ఎలుగులు నల్లగా వచ్చాయి. సైన్యానికీ ఇదే ఇబ్బంది: మన కంటికి తెల్లగా ఉన్న బట్ట ఆ కెమెరాకు నల్లమచ్చలా దొరకొచ్చు. అందుకని మంచు దుస్తుల బట్ట అతినీలలోహిత కాంతిని కూడా మంచులాగే తిప్పికొట్టేలా తయారు చేస్తారు.

అయితే ఈ కాంతిని చూడటానికి కెమెరానే అక్కర్లేదు. ఆర్కిటిక్ రెయిన్‌డీర్ కళ్ళు దాన్ని చూడగలవని 2011లో శాస్త్రవేత్తలు చూపించారు. మన కంటికి మంచులో కలిసిపోయే తోడేలు బొచ్చు వాటికి ముదురు రంగులో విడిగా కనిపిస్తుంది.