లైపోసక్షన్ తర్వాత నొప్పి: ఏ పద్ధతిలో ఎంత?

నమస్తే అండీ. లైపోసక్షన్ (గొట్టంతో ఒంట్లో కొవ్వు పీల్చి తీసే సర్జరీ) గురించి ఆలోచించేవాళ్లు ముందు ఖర్చు అడుగుతారు, ఆ వెంటనే నొప్పి గురించి అడుగుతారు. "లేజర్ అయితే నొప్పే ఉండదు" అని ప్రకటనల్లో వింటూనే ఉంటాం. అందుకే ఇవాళ ఈ పద్ధతులన్నిటినీ నొప్పి ఒక్కదాన్ని పట్టుకుని చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెషీన్ పేరు కంటే, ఎంత కొవ్వు తీశారు, ఎక్కడ తీశారు, మందు నీళ్లు ఎంత ఓపిగ్గా ఎక్కించారు అన్నవే ఎక్కువ ముఖ్యం.

ఆ మందు నీళ్ల సంగతి వివరంగా చెప్పాలి. కాలిఫోర్నియాకు చెందిన చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1980లలో ట్యూమెసెంట్ పద్ధతి తెచ్చారు. సెలైన్‌లో లిడోకైన్ మత్తుమందును బాగా పలచగా కలిపి, కొంచెం అడ్రినలిన్ చేర్చి, కొవ్వు గట్టిపడేదాకా ఎక్కిస్తారు. అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి రక్తం తక్కువ పోతుంది, ఒళ్లు కమలడం కూడా తగ్గుతుంది. లిడోకైన్ కొవ్వులో చాలా గంటలు ఉండిపోతుంది. అందుకే చాలామందికి సర్జరీ రోజు సాయంత్రం హాయిగానే ఉంటుంది. అసలు నొప్పి మర్నాడు, మందు దిగాక మొదలవుతుంది. ఇది ముందే తెలియకపోతే ఏదో తేడా జరిగిందని టెన్షన్ పడిపోతారు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఈ లిడోకైన్ రక్తంలో బాగా పెరిగేది సర్జరీ అయిన చాలా గంటలకు, అంటే మీరు ఇంటికి వెళ్లిపోయాక కావచ్చు. పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, తల తిరగడం ఉంటే నిద్రమత్తు అని వదిలేయకండి, వెంటనే డాక్టర్‌కి చెప్పండి. మోతాదును మీ బరువును బట్టి లెక్క కట్టారా అని సర్జరీకి ముందే అడగండి.

ఇప్పుడు మెషీన్లు. మామూలు లైపోసక్షన్‌లో సర్జన్ గొట్టాన్ని చేత్తోనే ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. లోపలి కణజాలం బాగా నలుగుతుంది, నొప్పీ దానికి తగ్గట్టే ఉంటుంది. పవర్ అసిస్టెడ్‌లో గొట్టం దానంతటదే కదులుతుంది, సర్జన్ చెయ్యి అలసిపోదు. ధ్వని తరంగాలతో కొవ్వును వదులు చేసే అల్ట్రాసౌండ్ పద్ధతి తొలిరోజుల్లో వేడి వల్ల చర్మం కాలడం, మంటలాంటి స్పర్శ ఉండిపోవడం లాంటి ఫిర్యాదులు తెచ్చింది. అందులోనే తర్వాత వచ్చిన వేజర్ అనే రకంలో శక్తిని విడతలుగా వదులుతారు కాబట్టి ఆ బాధ తగ్గింది.

లేజర్ విషయంలో 2006లో వచ్చిన ఒక పరిశోధన నాకు నచ్చింది. ఒకే మనిషికి ఒకవైపు లేజర్, రెండోవైపు మామూలు పద్ధతి చేశారు. మొదట్లో లేజర్ వైపు నొప్పి తక్కువ. ఆకృతిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. నీటి ధారతో కొవ్వును విడదీసే పద్ధతిని మామూలు దానితో పోల్చి 2007లో వచ్చిన పరిశోధనలోనూ మొదటి కొన్ని రోజులు నొప్పి తక్కువే. అంటే లాభం నిజమే, కానీ అది తొలిరోజుల లాభం. దానికోసం భారీగా అదనపు డబ్బు పెట్టాలా అంటే, నేనైతే ఆ డబ్బు అనుభవమున్న సర్జన్‌కి పెడతాను.

నొప్పి ఎలా ఉంటుందంటారా? జిమ్‌లో మొదటి రోజు అతిగా చేశాక మర్నాడు ఒళ్లంతా పట్టేసినట్టు. మంచం మీంచి లేవడం, వంగడం కష్టం. సాధారణంగా వారానికి బాగా తగ్గుతుంది. తిమ్మిరి, దురద, సూదులు గుచ్చినట్టుండటం వారాల తరబడి ఉండొచ్చు. బిగుతు గార్మెంట్ కొన్ని వారాలు వేసుకోవాలి. మన మే నెల ఎండల్లో అది నొప్పికంటే ఎక్కువ విసిగిస్తుంది కాబట్టి, వీలైతే సర్జరీ చలికాలంలో పెట్టుకోండి. మాత్రలు సర్జన్ రాసినవే వాడండి. ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేసుకుంటే రక్తస్రావం పెరగొచ్చు. డాక్టర్ వద్దంటే తప్ప మొదటి రోజునుంచే ఇంట్లో కాస్త నడవండి.

రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి పెరుగుతోందా? జ్వరం, చర్మం నల్లబడటం, ఆయాసం, ఒక పిక్కలో మాత్రమే వాపు, పొట్ట రాయిలా గట్టిపడటం, వీటిలో ఏది కనిపించినా, క్లినిక్ వాళ్లు ఫోన్ ఎత్తేదాకా ఆగకండి. ఎమర్జెన్సీ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లిపోండి, లైపోసక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో అక్కడ దాచకుండా చెప్పండి.