పన్నెండు రోజులకే బ్యాటరీ ఎందుకు అయిపోతోంది?

యాంకర్: హలో, చెప్పండమ్మా. ఎక్కడి నుంచి?

శ్రోత: జగిత్యాల నుంచి సార్, డిప్లొమా చదువుతున్నాను. మా మామిడి తోటలో నేల తేమ చూడటానికి నోడ్‌ఎంసీయూ అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డు పెట్టాను. 15 నిమిషాలకోసారి లేచి, 5 సెకన్లలో వైఫైలో రీడింగ్ పంపి డీప్ స్లీప్‌లోకి, అంటే కరెంట్ ఆదా చేసే గాఢ నిద్రలోకి వెళ్తుంది. 2600 ఎంఏహెచ్ (మిల్లీ ఆంప్ అవర్స్) 18650 లిథియం సెల్స్ రెండు సిరీస్‌లో ఇచ్చాను. నెలలు వస్తాయనుకుంటే 12 రోజులకే అయిపోతున్నాయి.

నిపుణుడు: మీటర్‌తో చూశావా అమ్మా?

శ్రోత: 2000 మైక్రో ఆంప్ రేంజ్‌లో పెట్టాను సార్. బోర్డు అసలు ఆన్ కావడం లేదు.

నిపుణుడు: కాదమ్మా. చవక మీటర్లలో ఆ రేంజ్‌కి లోపల సుమారు 100 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. వైఫై ఆన్ అయితే బోర్డు 70, 80 మిల్లీ ఆంప్‌లు లాగుతుంది. 70 అనుకున్నా 7 వోల్టులు మీటర్‌లోనే పోతాయి, నీ రెండు సెల్స్ కలిపి ఇచ్చేదే దాదాపు అంత, ఇక బోర్డుకి ఏం మిగులుతుంది? నీ బోర్డు బాగానే ఉంది, కంగారు పడకు.

ముందు మీటర్ పక్కన పెట్టి లెక్క చూద్దాం. 12 రోజులంటే 288 గంటలు. సెల్స్ సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి రెండూ కలిపినా కెపాసిటీ 2600నే; దాన్ని 288తో భాగిస్తే సగటున 9 మిల్లీ ఆంప్‌లు. మెలకువగా ఉన్నప్పటి వాటా ఎంత? 5 సెకన్లు 80 చొప్పున, దాన్ని 900 సెకన్లకు పంచితే అర మిల్లీ ఆంప్ కూడా రాదు. అంటే మిగతా ఎనిమిదిన్నరా నిద్రలోనే పోతోంది. అందరూ వైఫైనే అనుమానిస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే సెల్స్ మార్చుకుంటూ కూర్చున్నాను.

శ్రోత: డేటాషీట్‌లో నిద్రలో 20 మైక్రో ఆంప్‌లని ఉంది కదా సార్?

నిపుణుడు: అది చిప్ ఒక్కదానికే. బోర్డు మీద వోల్టేజీని తగ్గించి ఇచ్చే రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్ నిద్రపోవు. తేమ సెన్సార్ కూడా నేరుగా పవర్‌కి కలిపి ఉంటే అది ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది.

ఇలా చెయ్యి. బ్యాటరీ వైరులో 10 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, దాని రెండు చివరల మధ్య 200 మిల్లీవోల్ట్ రేంజ్‌లో చూడు. ఎనిమిదిన్నర మిల్లీ ఆంప్‌లు పదితో గుణిస్తే 85, కాబట్టి నిద్రలో 85 మిల్లీవోల్టుల దగ్గర చూపిస్తే మన లెక్క సరిపోయినట్టే. లేచినప్పుడు కూడా ముప్పావు వోల్టే తగ్గుతుంది కాబట్టి బోర్డు ఆగదు. తర్వాత సెన్సార్ వైరు తీసి మళ్లీ చూడు.

శ్రోత: కరెంట్ కొలిచే ఐఎన్ఏ219 మాడ్యూల్ వాడొచ్చా సార్?

నిపుణుడు: లేచి ఉన్న ఐదు సెకన్లకి బాగా పనికొస్తుంది. నిద్రలోని 20 మైక్రో లాంటి చిన్న కరెంట్‌కి కాదు. దాని మీద కరెంట్ కొలిచే 0.1 ఓమ్ రెసిస్టర్ (షంట్) ఉంటుంది, అది చదవగల అతి చిన్న మెట్టే 0.1 మిల్లీ ఆంప్. 20 మైక్రో దానికి కనిపించదు. ముందుముందు బోర్డు లేకుండా విడి ఈఎస్పీ-12 వైఫై మాడ్యూల్, తనకోసం చాలా తక్కువ కరెంట్ వాడే హెచ్‌టీ7333 రెగ్యులేటర్‌తో కట్టుకుంటే అప్పుడు 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టు, 2 మిల్లీవోల్టులు కనిపిస్తాయి. కానీ లేచే ముందు ఆ రెసిస్టర్‌ని జంపర్ వైరుతో షార్ట్ చెయ్యాలి, మరచిపోకు.

శ్రోత: సరే సార్, రేపు పొద్దున్నే చూస్తాను.

నిపుణుడు: సెన్సార్ ఉన్నప్పుడు ఎంత, తీశాక ఎంత, రెండూ రాసి పెట్టుకుని మళ్లీ ఫోన్ చెయ్యమ్మా.