సీలింగ్ మీద టచప్ చేస్తే మచ్చలా కనపడుతోందా? పాత తెలుపుకి కొత్త తెలుపు కలిపే పద్ధతి

నమస్కారం అండి. చిన్నీ, కెమెరా పైకి తిప్పు. ఇంకొంచెం. ఫ్యాన్ పక్కన... ఆ, అక్కడే ఆపు.

కనిపిస్తోందా అండి? తెల్లటి సీలింగ్ మీద ఇంకా తెల్లగా, గుండ్రంగా ఒక మచ్చ. ఇది ఏ పెయింటరూ చేసింది కాదు, నా చేతి పనే. మాది మల్కాజిగిరిలో పాత ఫ్లాట్. పోయిన వానాకాలం పై ఫ్లాట్ బాత్‌రూమ్ నుంచి నీళ్లు దిగి, ఇక్కడ పెచ్చు ఊడిపోయింది. లీకేజీ బాగుచేయించాక, అటక మీద పాత పెయింట్ డబ్బా మిగిలి ఉంది కదా, అదే కంపెనీ, అదే రంగు, ఇంకేం కావాలి అని రెండు కోట్లు కొట్టేశాను. సంక్రాంతికి మా అత్తగారు వచ్చి, సోఫాలో వెనక్కి వాలి, పైకి చూసి, "అల్లుడుగారూ, హాల్లోకి పున్నమి చంద్రుణ్ణి తెచ్చారే" అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో దీని పేరు చంద్రుడే.

ఈ రోజు ఆ చంద్రుణ్ణి తీసేద్దాం. పక్క బెడ్‌రూమ్‌లో గోధుమ రంగు నీటి మరక కూడా ఒకటుంది, దాని సంగతీ చూద్దాం.

డబ్బాలో ఉన్నది అదే రంగైనప్పుడు ఎందుకు కలవలేదు? డబ్బాలో రంగు మూత కింద భద్రంగా ఉంది. పైన వేసిన రంగు మాత్రం ఇన్నేళ్లూ మనతో పాటు కాపురం చేసింది. తాలింపు పొగ, అగరుబత్తి పొగ, ఫ్యాన్ రేపిన దుమ్ము, దోమల చుట్ట పొగ, అన్నీ పైకే వెళతాయి. రోజూ చూస్తుంటాం కాబట్టి మారినట్టు మనకి తెలియదు. పక్కన కొత్త తెలుపు పెట్టగానే బయటపడుతుంది. పాత చొక్కా బాగానే ఉందనుకుంటాం, పక్కన కొత్త చొక్కా తగిలిస్తే తెలుస్తుంది కదా, అలాగన్నమాట.

ఇంకో సంగతి. తెలుపు అంటే ఒకటే తెలుపు కాదు. పూర్వం ఇళ్లకి వెల్ల వేసేటప్పుడు సున్నంలో కాస్త నీలిమందు కలిపేవారు, గుర్తుందా? పంచెలకి నీలం పెట్టినట్టే. ఆ నీలం ఛాయ పసుపుని కప్పేసి, కంటికి ఇంకా తెల్లగా కనిపించేలా చేస్తుంది. ఇప్పుడు షాపులో దొరికే మిరుమిట్లు గొలిపే తెలుపులు చాలావరకు ఆ చల్లని ఛాయలోనే ఉంటాయి. పసుపెక్కిన పాత సీలింగ్ మీద అది పెడితే నీలంగా మెరుస్తుంది. నా చంద్రుడి కథ అదే.

సరే, పనిలోకి వెళదాం. రంగు కంటే ముందు చెమ్మ. లీకేజీ ఆగిందో లేదో నిర్ధారించుకోకుండా పైన ఏం వేసినా డబ్బు దండగ. నేను చేసేది చాలా చిన్న పని. మరక అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసి, పక్కనే తేదీ రాస్తాను. చిన్నీ, బెడ్‌రూమ్‌లోది చూపించు. ఇదిగో, గీత గీసి మూడు వారాలైంది. మధ్యలో రెండు మంచి వానలు పడ్డాయి, పై ఫ్లాట్ వాళ్లు రోజూ స్నానాలు చేస్తూనే ఉన్నారు. మరక గీత దాటలేదు. దాటి ఉంటే ఈ వీడియో ఆపేసి పై ఫ్లాట్ తలుపు కొట్టాల్సిందే. గీకితే తెల్లటి ఉప్పు పొడిలా రాలుతున్నా తొందరపడొద్దు, లోపలి నుంచి నీరు వస్తున్నట్టు లెక్క.

తర్వాత, మన సీలింగ్ మీద ఉన్నది ఏమిటో తెలుసుకోవాలి. తడిగుడ్డ తీసుకుని ఒక మూల గట్టిగా రుద్దండి. గుడ్డకి తెల్లగా సుద్దలా అంటితే అది డిస్టెంపర్ (సుద్దతో చేసే చవక రంగు) గానీ సున్నం గానీ అయి ఉంటుంది. ఏమీ అంటకపోతే ఎమల్షన్, అంటే ఆరాక ప్లాస్టిక్ లాంటి పొర కట్టే నీటి రంగు. మన దగ్గర పాత ఫ్లాట్లలో గోడలకి ఎమల్షన్ వేసి, సీలింగ్‌కి ఖర్చు తగ్గించడానికి డిస్టెంపర్ వేయడం మామూలే. సుద్దలా రాలే దాని మీద ఎమల్షన్ వేస్తే కొన్నాళ్లకి అప్పడంలా లేచొస్తుంది. అలాంటి చోట రాలేదంతా గీకి, ప్రైమర్ (రంగుకి ముందు వేసే పునాది కోటు) పట్టించి, డిస్టెంపర్ మీద డిస్టెంపరే వేయండి. మాది ఎమల్షన్, మెరుపు లేని మ్యాట్ రకం.

ఈ మెరుపు విషయం చాలామంది పట్టించుకోరు. రంగు అచ్చం కలిసినా, ఒకటి మ్యాట్, ఇంకోటి కాస్త షీన్ ఉన్నది అయితే కిటికీ వెలుతురు పడగానే ప్యాచ్ తేలిపోతుంది. షాపులో అనుమానంగా ఉంటే మ్యాట్ అడగండి. సీలింగ్‌కి మెరుపుతో పని లేదు.

ఇప్పుడు అసలు విషయం, రంగు కలపడం. దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది, ముక్క తీసుకెళ్లి షాపులో మెషీన్ మీద చూపించడం. కట్టర్‌తో పెయింట్ పొరని, వెనక కాస్త లప్పంతో సహా, రూపాయి బిళ్లకంటే పెద్దదిగా, విరగకుండా తీయాలి. ఎక్కడ నుంచి తీయాలో జాగ్రత్త. నేను తెలివిగా ఫ్యాన్ కప్పు కింద నుంచి తీశాను, అక్కడ గీకినా ఎవరికీ కనపడదు కదా అని. కానీ ఆ కప్పు కింద రంగుకి పొగా తగల్లేదు, వెలుతురూ తగల్లేదు. కొత్తగా ఉన్నప్పటి రంగే అక్కడ ఉంది. షాపువాళ్లు దాన్ని చక్కగా స్కాన్ చేసి, చక్కగా తప్పు రంగు కలిపిచ్చారు. తప్పు వాళ్లది కాదు, నాది. కాబట్టి ముక్క ఎప్పుడూ ప్యాచ్ వేయబోయే చోటు అంచు నుంచే తీయండి. తీసేముందు సీలింగ్ మొత్తం పొడిగుడ్డ కట్టిన కర్రతో ఒకసారి దులపండి. ముక్క తీశాక దులిపితే మళ్లీ రంగు మారిపోతుంది.

దీనికోసం కోఠి దగ్గరున్న ట్రూప్ బజార్ మార్కెట్ దాకా వెళ్లక్కర్లేదు. కాలనీల్లోనే రంగులు కలిపే మెషీన్ ఉన్న పెయింట్ షాపులు బోలెడు. కాకపోతే కలిపే మెషీన్ వేరు, ముక్కని చూసి రంగు చెప్పే స్కానర్ వేరు. రెండోది అన్ని చోట్లా ఉండదు, ముందే ఫోన్ చేసి అడగండి. స్కానర్ లేకుండా షేడ్ కార్డు పక్కన పెట్టి "ఇదే సార్" అంటే నమ్మకండి, షాపు లైట్ల కింద అన్ని తెలుపులూ అన్నదమ్ములే.

రెండో దారి, మనమే కలుపుకోవడం. నాకు ఇదే ఇష్టం. టెన్షన్ వద్దు, కాస్త ఓపిక ఉంటే చాలు. అర లీటరు తెల్ల మ్యాట్ ఎమల్షన్, రెండు చిన్న స్టెయినర్ సీసాలు, అంటే పెయింట్‌లో కలిపే చిక్కటి రంగు ద్రావణాలు: ఒకటి పసుపు ఆక్సైడ్, అంటే గోపీచందనం లాంటి మట్టి పసుపు, నిమ్మపండు పసుపు కాదు. రెండోది నలుపు. పాతబడిన తెలుపు అంటే తెలుపులో కొంచెం మట్టి పసుపు, దానికంటే ఇంకా తక్కువ నలుపు. చాలావరకు ఈ రెండింటితోనే పని అయిపోతుంది.

సీసా వంచి పోయకండి. అగ్గిపుల్ల ముంచి, దాని కొనకి అంటినంతే. ఈ చిన్న గ్లాసులో నాలుగు చెంచాల తెలుపు తీసుకున్నాను. పసుపు ఒక అగ్గిపుల్ల... కలుపుదాం, అడుగు దాకా కలపాలి... ఇప్పుడు నలుపు. నలుపు విషయంలో పిసినారిగా ఉండండి. ఎక్కువైతే వెనక్కి తీయలేం, దాన్ని సరిచేయడానికి తెలుపు పోస్తూ పోస్తూ బకెట్ అవుతుంది. ఎన్నిసార్లు ముంచామో కాగితం మీద రాసుకోండి, తర్వాత పెద్ద డబ్బాకి అదే లెక్కన వేయాలి.

దీన్ని నేరుగా సీలింగ్ మీద పూసి చూడొద్దు. పాత పెళ్లి శుభలేఖ అట్ట తీసుకుని, ముక్కలుగా కత్తిరించి, ఒక్కో కలయికని ఒక్కో ముక్క మీద అంచుల దాకా రెండు కోట్లు వేయండి. వెనక నంబరు రాయండి. పూర్తిగా ఆరనివ్వండి. తడిలో రంగు వేరు, ఆరాక వేరు, అందుకే తడిగా ఉన్నప్పుడు తీర్పు చెప్పకూడదు. తొందరైతే హెయిర్ డ్రయ్యర్ పెట్టండి. ఆరాక ముక్కల్ని సీలింగ్‌కి టేపుతో అంటించి కింద నుంచి చూడండి. చేతిలో పట్టుకుని చూస్తే లాభం లేదు. సీలింగ్ మీద వెలుతురు కింద నుంచీ పక్క నుంచీ పడుతుంది, ఎప్పుడూ కాస్త నీడలోనే ఉంటుంది.

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ట్యూబ్‌లైట్ వేసి ఒకసారి చూడండి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే తెల్ల ఎల్ఈడీ 6500 కెల్విన్, అంటే కాస్త నీలంగా ఉండే వెలుతురు. ఫాల్స్ సీలింగ్‌లో పెట్టే పసుపు లైట్లు 3000 కెల్విన్ దగ్గర ఉంటాయి. ఒక లైటు కింద అచ్చం కలిసిన రెండు రంగులు ఇంకో లైటు కింద విడిపోవచ్చు. నా అట్ట ముక్కల్లో నాలుగో నంబరు ట్యూబ్‌లైట్ కింద మాయమైంది, పొద్దున బాల్కనీ వెలుతురులో గులాబీ రంగు కొట్టింది. ఆరో నంబరు రెండింట్లోనూ కలిసింది. ఏది కలవాలో తేల్చుకోలేకపోతే పగటి వెలుతురుకే ఓటు వేయండి.

ఇక చోటుని తయారు చేద్దాం. ఫ్యాన్ స్విచ్ కాదు, మెయిన్ బోర్డులో ఆ గది కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ ఆపేయండి. ఫ్యాన్‌కి పాత దుప్పటి చుట్టండి. కళ్లకి అద్దాలు పెట్టుకోండి, పైకి చూస్తూ గీకినప్పుడు పొడంతా కళ్లలోకే వస్తుంది. మంచం మీద స్టూలు వేసి ఎక్కే విన్యాసాలు వద్దు. నిచ్చెన, కింద పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి.

వదులుగా ఉన్నదంతా లప్పం పెట్టే రేకు పట్టీతో గీకేయండి. లప్పం పలచగా ఒకసారి, ఆరాక ఇంకోసారి. మందంగా ఒకేసారి పెడితే పగుళ్లు వస్తాయి. ఆరాక 220 నంబరు ఎమరీ కాగితంతో, చేత్తో తడిమితే అంచు తెలియనంత వరకు రుద్దండి. కంటికంటే వేళ్లకే ముందు తెలుస్తుంది.

దాని మీద ప్రైమర్ తప్పనిసరి. లప్పం స్పాంజిలాంటిది. ప్రైమర్ లేకపోతే రంగులో నీటిని పీల్చేసి, ఆ చోటు మాత్రం పాలిపోయి కనిపిస్తుంది. రంగు కలపలేదని తిట్టుకుంటాం, నిజానికి రంగు కలిసింది, పీల్చుకోవడంలో తేడా వచ్చింది.

బెడ్‌రూమ్ మరకకి మామూలు వాటర్ ప్రైమర్ చాలదు. నీటితో చేసిన మామూలు కోటు ఏది వేసినా ఆ గోధుమ మరక మళ్లీ కరిగి పైకి తేలుతుంది. మూడు కోట్లు వేసినా తేలుతుంది, నేను చూశాను. దానికి ఆయిల్ ప్రైమర్ గానీ, మరకని ఆపే స్టెయిన్ బ్లాకర్ గానీ వేసి రాత్రంతా ఆరనివ్వాలి. వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీలు తెరవండి, ఆ రాత్రి పిల్లల్ని వేరే గదిలో పడుకోబెట్టండి.

ఇప్పుడు రంగు. సీలింగ్ మొదట రోలర్‌తో వేసి ఉంటే రోలరే వాడండి. దగ్గరగా చూస్తే నారింజ తొక్కలా చిన్న చిన్న గుల్లలు కనిపిస్తాయి, అదీ గుర్తు. దాని మీద బ్రష్‌తో నున్నగా రాస్తే రంగు ఎంత కలిసినా గీతలు పట్టిస్తాయి. చిన్న నాలుగంగుళాల రోలర్ చాలు. రంగులో ముంచి, అట్ట మీద బాగా ఒత్తి, దాదాపు పొడిగా ఉన్నట్టు తీసుకోండి. మధ్యలో మొదలుపెట్టి బయటికి. అంచు దగ్గరకి వచ్చేసరికి చేతి బరువు తగ్గిస్తూ, రోలర్‌ని గాల్లోకి లేపేయాలి. గుండ్రంగా గీత గీసినట్టు ఎక్కడా ఆగొద్దు. రెండో కోటు మొదటిదానికంటే ఒక జానెడు బయటికి, ఇంకా పొడిగా. ఇలా చేస్తే అంచు అనేదే ఉండదు, రంగు నెమ్మదిగా పాతదాంట్లో కలిసిపోతుంది. నా చంద్రుడికి గీత గీసినట్టు అంచు ఉండటమే సగం పాపం.

వేసి దిగి వెంటనే పైకి చూసి గుండెలు బాదుకోకండి. తడి ప్యాచ్ ఎప్పుడూ దారుణంగానే కనిపిస్తుంది. రేపు చూడండి.

ఒక నిజం కూడా చెప్పేస్తాను. మచ్చ భోజనం కంచం కంటే పెద్దదైతే, లేదా ఒకే గదిలో మూడు నాలుగు ఉంటే, ఈ అగ్గిపుల్లల లెక్కలన్నీ మానేసి సీలింగ్ మొత్తం వేసేయండి. కన్ను పక్కపక్కన ఉన్నవాటినే పోలుస్తుంది. సీలింగ్ మొత్తం ఒక రంగై, గోడ మూల దగ్గర ఆగితే ఎవరూ కనిపెట్టలేరు. పది అడుగులు, పన్నెండు అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. రెండు కోట్లకి లీటరు నుంచి లీటరున్నర పెయింట్, ఒక ఆదివారం. ఫాల్స్ సీలింగ్‌లో మెట్లలా డిజైన్ ఉంటే ఇంకా సులువు, మరక ఉన్న ఆ ఒక్క భాగం మాత్రం అంచు నుంచి అంచు దాకా వేస్తే చాలు.

మిగిలిన రంగుని పెద్ద డబ్బాలో వదిలేయకండి, లోపల గాలి ఎక్కువుంటే తెట్టు కడుతుంది. ఇలా పచ్చడి సీసాలో నిండా పోసి, మూత బిగించి, పైన రాయండి: "హాల్ సీలింగ్, మ్యాట్, నంబరు ఆరు", తేదీ. పచ్చడి సీసా కాబట్టి "పెయింట్" అని కూడా పెద్ద అక్షరాలతో రాయండి. మా ఇంట్లో ఆ అవసరం ఉంది.

ఇది మర్నాడు సాయంత్రం అండి. చిన్నీ, సోఫా దగ్గర నుంచి తీయి. ఫ్యాన్ పక్కన చూడండి. నాలుగున్నరకి బాల్కనీ నుంచి ఎండ అడ్డంగా పడుతుంది, అప్పుడు మాత్రం, ఇదిగో ఈ వైపు, లప్పం అంచు ఒక వెంట్రుకంత కనిపిస్తోంది. అక్కడ ఎమరీ ఇంకాస్త రుద్ది ఉండాల్సింది. మా అత్తగారు దసరాకి వస్తున్నారు. కర్టెన్ వేసి ఉంచుతాను.